అగ్రిమెంట్‌లో పెంపుడు జంతువుల మాటే లేదు, ఇప్పుడు ఓనర్ కుక్కను పంపేయమంటున్నారు

కిటికీ_సీటు:
అందరికీ నమస్కారం. ఈ ఇంట్లో అద్దెకు దిగి ఏడాది దాటింది. అద్దె ఎప్పుడూ ఆలస్యం కాలేదు. అగ్రిమెంట్‌లో పెంపుడు జంతువుల గురించి ఒక్క ముక్క లేదు. పెంచుకోవచ్చని లేదు, వద్దనీ లేదు. ఈమధ్యే షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నాం. పిల్ల కాదు, పెద్దదే. టీకాలన్నీ అయ్యాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. మొన్న ఓనర్ గారు కుళాయి రిపేరు చూడటానికి వచ్చి దాన్ని చూశారు. అప్పుడేమీ అనలేదు. రాత్రికి మెసేజ్ పెట్టారు: నెలాఖరులోగా కుక్కను పంపించేయండి, లేదా ఇల్లు ఖాళీ చేయండి అని.

రాతలో లేనిదాన్ని మధ్యలో ఇలా అడగొచ్చా? మా ఆయన గొడవెందుకు, వేరే ఇల్లు చూసుకుందాం అంటున్నారు. నాకు మాత్రం ఊరికే వదలాలని లేదు.

మ్యావ్_మాస్టారు:
వదలకండి. రాతలో లేదంటే మీరు తప్పు చేయనట్టే.

అద్దె_బోర్డు:
ఓనర్ల తరఫున మాట్లాడేవాళ్లు ఇక్కడ తక్కువ కాబట్టి నేను మాట్లాడతాను, తిట్టుకోండి. నాకు కొన్ని ఫ్లాట్లున్నాయి, అద్దెకిస్తాను. "రాతలో లేదు కాబట్టి ఒప్పుకున్నట్టే" అనే వాదన నాకు అర్థం కాదు. ఇంట్లో మెకానిక్ షెడ్డు పెట్టకూడదని కూడా అగ్రిమెంట్‌లో రాయం కదా.

కిటికీ_సీటు:
కుక్కకీ మెకానిక్ షెడ్డుకీ పోలికేంటండీ!

అద్దె_బోర్డు:
పోలిక కుక్క గురించి కాదమ్మా, చెప్పకపోవడం గురించి. మీ ఓనర్‌కు కుక్క ఉన్నందుకు వచ్చిన కోపం సగమే. కుళాయి చూడటానికి వెళ్తే తప్ప తెలియకపోవడం మిగతా సగం. ఇంకా ఏమేం చెప్పలేదో అన్న అనుమానం మొదలవుతుంది. నాకైతే మొదలవుతుంది.

మా ఫ్లాట్ ఒకదాంట్లో ఇద్దరు మంచి పిల్లలు ఉండేవారు. ఉద్యోగస్తులు, మర్యాదస్తులు. ఖాళీ చేసి వెళ్లాక తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. రెండు పిల్లుల్ని పెంచారట, ఒక్క మాట చెప్పలేదు. కడిగించాం, ఫినాయిల్ పోయించాం, రంగులు వేయించాం. వాన పడినప్పుడల్లా వాసన మళ్లీ లేచేది. చివరికి ఒక గదిలో చెక్క ఫ్లోరింగ్ మొత్తం పీకించాను. డిపాజిట్ దానికి ఏ మూలకూ చాలలేదు. ఆ తర్వాత నేను "పెంపుడు జంతువులు వద్దు" అని రాయడం మొదలుపెట్టాను. నన్ను జంతుద్వేషి అనుకుంటే అనుకోండి.

మూగజీవాల_వైద్యం:
పశువైద్యుడిని. అద్దె_బోర్డు గారు చెప్పిన "వాన పడితే మళ్లీ లేచే వాసన" నిజమే, దానికి కారణం ఉంది. పిల్లి మూత్రంలో నీళ్లతో తేలిగ్గా పోని పదార్థాలు ఉంటాయి. పైపైన తుడిస్తే పోయినట్టే ఉంటుంది గానీ అవి చెక్క సందుల్లో, టైల్స్ మధ్య సిమెంటు గీతల్లో ఉండిపోతాయి. గాల్లో తేమ పెరిగితే మళ్లీ వాసన. ఆపరేషన్ చేయించని మగపిల్లి అయితే ఇంకా ఘాటు, పైగా గోడలకు నిలువుగా చిమ్ముతుంది.

ఫినాయిల్, సబ్బునీళ్లతో ఇది పోదు. ఎంజైమ్ క్లీనర్లని పెంపుడు జంతువుల సామాన్లు అమ్మేచోట దొరుకుతాయి, అవి ఆ పదార్థాలనే విరగ్గొడతాయి. పోసి వెంటనే తుడిచేయకూడదు. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రవం కూడా అంత లోతుకు దిగి, నెమ్మదిగా ఆరాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్ అసలు వాడొద్దు, దాని వాసన పిల్లికి మూత్రం వాసనలాగే తోచి మళ్లీ అక్కడికే వెళ్తుంది. మూత్రం మీద బ్లీచ్ పోయడం ఇంకా ప్రమాదం. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే వాయువు పుడుతుంది.

మ్యావ్_మాస్టారు:
డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే రాత్రి లైట్లన్నీ ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి, మరకలు మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది.

ఇంకో మాట. ఎన్ని పిల్లులుంటే అన్ని లిట్టర్ బాక్సులు (పిల్లి మలమూత్రాలకు పెట్టే డబ్బాలు), పైన ఒకటి అదనం. అద్దె ఇల్లు చిన్నదని ఒక్క బాక్సుతో సరిపెడితే అది సోఫా వెనకాల ఇంకో బాక్సు తయారుచేసుకుంటుంది.

మూగజీవాల_వైద్యం:
ఎప్పుడూ బాక్సులోనే వెళ్లే పిల్లి హఠాత్తుగా బయట పోస్తోందంటే అలిగిందనుకోకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని, ముక్కి, చుక్క కూడా రావట్లేదంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగే పని కాదు, ప్రాణం పోతుంది.

కిటికీ_సీటు:
అయ్యా, నాది కుక్క 🙂

పక్క_ఫ్లాట్:
కుక్క అంటున్నారు కాబట్టి నేనూ రెండు మాటలు. అది అరుస్తుందా?

కిటికీ_సీటు:
అస్సలు అరవదండీ. చాలా నెమ్మది.

పక్క_ఫ్లాట్:
మీరు ఇంట్లో ఉన్నప్పుడు అరవదు. మా పక్కింటివాళ్లదీ అంతే, చాలా నెమ్మది అని వాళ్లు ప్రమాణం చేసి చెప్తారు. వాళ్లు ఆఫీసుకెళ్లగానే మొదలవుతుంది. నేను నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకునేవాడిని. మీరు చూడని పన్నెండు గంటలు మేం చూస్తాం. మీ ఓనర్‌కు కుక్క సంగతి కుళాయి దగ్గరే తెలిసిందని ఎందుకనుకుంటున్నారు? అంతకుముందే ఎవరో ఫోన్ చేసి ఉండొచ్చు.

మూగజీవాల_వైద్యం:
ఈ అనుమానం తీర్చుకోవడం తేలిక. పాత ఫోన్ ఒకటి రికార్డింగ్‌లో పెట్టి బయటికి వెళ్లండి. ఒంటరితనం తట్టుకోలేని కుక్క సాధారణంగా మీరు తలుపేసిన కొద్ది నిమిషాల్లోనే మొదలుపెడుతుంది. అరుపు, ఏడుపు, తలుపు దగ్గర గీకడం, చొంగ కార్చడం. గంటల తర్వాత ఎప్పుడో అరిస్తే అది విసుగో, బయటి చప్పుడో అయి ఉంటుంది. రెండింటికీ మందు వేరు.

షెల్టర్ నుంచి వచ్చినవాటిలో ఈ భయం తరచుగా చూస్తుంటాను. తిడితే, కొడితే పెరుగుతుంది తప్ప తగ్గదు. వెళ్లడాన్ని చిన్న చిన్న ముక్కలుగా అలవాటు చేయాలి. తాళాలు తీసి మళ్లీ కూర్చోండి. తలుపు తీసి వేయండి. ఒక నిమిషం బయట నిలబడి లోపలికి రండి. అది కంగారు పడకముందే తిరిగి రావడం ముఖ్యం. కొన్నింటికి మందులు కూడా కావాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

షార్ట్‌కట్:
ఇంత తలనొప్పి ఎందుకు? ఆన్‌లైన్‌లో "ఎమోషనల్ సపోర్ట్ యానిమల్" సర్టిఫికెట్ కొనుక్కోండి. ఓనర్ నోరు మూతపడుతుంది. నా ఫ్రెండ్ చేశాడు.

లా_పాయింట్:
దయచేసి ఎవరూ ఇది చేయొద్దు. అమెరికాలో ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద వైకల్యం ఉన్నవాళ్లకు తోడుండే జంతువును మామూలు పెంపుడు జంతువుగా చూడరు. "పెట్స్ వద్దు" అని నియమం ఉన్నా వాళ్లకు మినహాయింపు ఇవ్వాల్సి రావచ్చు. అది నిజంగా అవసరమైనవాళ్ల హక్కు. డబ్బు కడితే నిమిషాల్లో వచ్చే సర్టిఫికెట్‌కూ, "రిజిస్ట్రేషన్ కార్డు"కూ అక్కడ విలువ లేదు. చాలా దేశాల్లో అసలు ఆ ఏర్పాటే లేదు. దొంగ కాగితం పట్టుకెళ్తే నిజమైన అవసరం ఉన్నవాళ్లను కూడా ఓనర్లు నమ్మడం మానేస్తారు.

ఇక అసలు ప్రశ్న. మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు గానీ చట్టం దాన్నిబట్టి చాలా మారుతుంది. ఫ్రాన్స్‌లో 1970 నాటి చట్టం ప్రకారం మామూలు ఇంటి అద్దెలో పెంపుడు జంతువులు వద్దనే షరతు చెల్లదు, ప్రమాదకరమని వర్గీకరించిన కొన్ని కుక్కలకు తప్ప. జర్మనీలో సుప్రీం స్థాయి సివిల్ కోర్టు 2013లో, ముందే అచ్చేసిన అగ్రిమెంట్లలో కుక్కల్నీ పిల్లుల్నీ గంపగుత్తగా నిషేధించడం చెల్లదని చెప్పింది. అంటే ఎవరైనా ఏదైనా పెంచుకోవచ్చని కాదు, ఒక్కో కేసూ చూసి తేల్చాలని. కెనడాలోని ఒంటారియోలో "పెట్స్ వద్దు" షరతు అగ్రిమెంట్‌లో ఉన్నా చెల్లదు, కానీ ఆ జంతువు వల్ల నష్టమో ఎలర్జీనో కలిగితే ఓనర్ ఫిర్యాదు చేయొచ్చు. ఇంగ్లండ్‌లో 2025లో చేసిన అద్దెదారుల హక్కుల చట్టం దారి వేరు. అద్దెదారు రాతపూర్వకంగా అడగాలి, ఓనర్ మామూలుగా 28 రోజుల్లో జవాబివ్వాలి, సరైన కారణం లేకుండా కాదనకూడదు. ఇండియాలో జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు, 2021 నాటి కేరళ హైకోర్టు తీర్పు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల నిషేధాలకు అడ్డుకట్ట వేశాయి. కానీ అసోసియేషన్ వేరు, ఇంటి ఓనర్ వేరు. ఓనర్‌తో మీకున్నది అగ్రిమెంట్.

రాతలో ఏమీ లేకపోతే చాలాచోట్ల అది నిషేధం కిందికి రాదు. కానీ ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించకూడదు, ఆస్తికి నష్టం చేయకూడదు అనే మామూలు షరతులు కుక్కకూ వర్తిస్తాయి. రాత్రి పెట్టిన మెసేజ్‌తో ఎవరూ ఖాళీ చేయాల్సిన పని లేదు, నోటీసుకు ఒక పద్ధతి ఉంటుంది. ఆ మెసేజ్ మాత్రం దాచుకోండి.

ఇంత చెప్పాక ఒకటి. గడువు పూర్తయ్యాక పొడిగించక్కర్లేని చోట్ల ఓనర్ అప్పుడు "వద్దు" అంటే అంతే. మీరు గెలిచేది ఆ కొన్ని నెలలు. వాటికోసం పోట్లాడాలా, మాట్లాడుకోవాలా అన్నది చట్టం చెప్పదు.

పంజరం_లేని_చిలక:
నాకు చిలక ఉంది. ఓనర్ వచ్చినప్పుడల్లా "అద్దె పెంచొద్దు" అంటుంది. నేను నేర్పలేదు.

రహస్య_పిల్లి:
నేను చాలాకాలంగా పిల్లిని దాచే ఉంచాను. ఇన్‌స్పెక్షన్ అంటే ఫ్రెండ్ ఇంటికి పంపిస్తాను, లిట్టర్ బాక్స్ కారు డిక్కీలోకి. ఎందుకంటే నిజం చెప్పి అడిగిన ప్రతి ఇంట్లోనూ "సారీ" అన్నారు. నిజం చెప్పేవాళ్లకు ఇల్లు దొరకదు, దాచేవాళ్లకు దొరుకుతుంది. అద్దె_బోర్డు గారిలాంటివాళ్లు "వద్దు" అని బోర్డు పెడితే ఎవరొస్తారు? పిల్లి లేనివాళ్లూ, పిల్లిని దాచేవాళ్లూ. చెప్పే మనిషిని మీరే తోలేశారు.

అద్దె_బోర్డు:
ఇది నాకు తగిలింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లికి ఎప్పుడైనా ఏమైనా అయి, ఇంట్లో పైపు పగిలి నేను తాళం తీసి లోపలికి వెళ్తే? లోపల జంతువు ఉందని నాకు తెలియదు. తలుపు తీసి పెట్టేస్తాను, అది బయటికి పరుగెడుతుంది. అగ్నిమాపక సిబ్బందికి కూడా తెలియదు. దాచడంలో ఓనర్ కంటే ఆ పిల్లికే ఎక్కువ నష్టం.

రహస్య_పిల్లి:
ఇది నిజంగా ఆలోచించలేదు.

తుమ్ముల_రాణి:
నా తరఫున ఎవరూ మాట్లాడట్లేదు. నేను తర్వాత దిగే అద్దెదారుని. నాకు పిల్లి ఎలర్జీ, ఉబ్బసం. పిల్లి వెళ్లిపోయినా దాని లాలాజలం, చర్మం నుంచి వచ్చే ప్రోటీన్ దుమ్ముతో కలిసి నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. గోడలకూ అంటుకుంటుంది. ఇల్లు చూపించినప్పుడు "ఇక్కడ పెంపుడు జంతువులు ఉండేవా" అని అడిగితే లేదన్నారు. దిగాక రాత్రిళ్లు కూర్చుని ఊపిరి తీసుకున్నాను. పాత అద్దెదారు ఓనర్‌కు చెప్పలేదు, ఓనర్ నాకు చెప్పలేదు.

మూగజీవాల_వైద్యం:
పరుపులు, కర్టెన్లు, కార్పెట్ మార్చడం, గోడలు తడిగుడ్డతో తుడవడం, హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడటం కొంత మేలు చేస్తాయి. అయినా ఉబ్బసం ఉన్నవాళ్లు అలాంటి ఇంట్లో దిగకపోవడమే మంచిది.

ఖాళీ ఇళ్ల గురించి ఇంకోటి. జంతువు వెళ్లాక కూడా ఫ్లీలు (బొచ్చులో ఉండి గెంతే చిన్న పురుగులు) మిగులుతాయి. వాటి గూడులోని పురుగులు నెలల తరబడి కదలకుండా ఉండి, మనిషి అడుగు కదలిక, ఒంటి వేడి తగలగానే బయటికొస్తాయి. కొత్తగా దిగినవాళ్లు "నిన్నటిదాకా లేవు, ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చాయి" అనడానికి కారణం ఇదే. ఖాళీ చేసేముందు వాక్యూమ్, మందు కొట్టించడం మీ బాధ్యతగా చేయండి.

కిటికీ_సీటు:
ఫోన్ పెట్టి చూశాను. పూర్తిగా నిశ్శబ్దం కాదు. తలుపేశాక కాసేపు కూనిరాగం తీస్తుంది, తర్వాత పడుకుంటుంది. కానీ లిఫ్ట్ ఆగిన ప్రతిసారీ లేచి మొరుగుతోంది. దాని పరుపు తలుపు పక్కనే ఉంది, అదే కారణం అనుకుంటా. లోపలి గదిలోకి మార్చి ఫ్యాన్ వేసి చూస్తున్నాను.

పక్క_ఫ్లాట్ గారూ, కింది అంతస్తు వాళ్లను అడిగాను. ఒకరికి ఇబ్బందిగానే ఉందట, మొహమాటంతో చెప్పలేదట. నా నంబర్ ఇచ్చి, అరిస్తే ఓనర్‌కు కాకుండా ముందు నాకు చెప్పమన్నాను.

పక్క_ఫ్లాట్:
ఇది మా పక్కింటివాళ్లకు కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

కిటికీ_సీటు:
అద్దె_బోర్డు గారూ, మీకు కోపం రాకుండా అడుగుతున్నా. మీరే మా ఓనర్ అయితే ఏం చెబితే ఒప్పుకుంటారు?

అద్దె_బోర్డు:
కోపమేముందమ్మా. మొదట, ఫోన్‌లో కాదు, ఎదురుగా మాట్లాడండి. "రూల్ ఎక్కడుంది" అన్నారంటే నేను కూడా రూల్స్ వెతుకుతాను. కుక్కను చూపించండి. టీకాల పుస్తకం చూపించండి, ముఖ్యంగా రేబీస్. ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్ ఇచ్చిన మంచిమాట ఉంటే అది వంద మాటల పెట్టు.

తర్వాత, ఏది పాడైతే ఎవరు బాగుచేయించాలో ఒక కాగితం రాసుకుందామని మీరే అనండి. అందులో ఈ ఒక్క కుక్క గురించే రాయండి, పేరు, వయసు, ఫోటోతో. రేపు మీరు ఇంకోటి తెస్తే మళ్లీ అడగాలి. ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో ఏం చేస్తారో రాయండి. నాకు కావాల్సింది మీ ప్రేమకథ కాదు, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం.

నేనైతే కొంచెం అదనపు డిపాజిట్ అడుగుతాను. నెలనెలా పెట్ రెంట్ కూడా వేసేవాళ్లున్నారు.

మ్యావ్_మాస్టారు:
పెట్ రెంట్ దోపిడీ అండీ. డిపాజిట్ అయితే ఏమీ పాడవకపోతే తిరిగొస్తుంది. నెలనెలా కట్టింది రాదు, పైగా పాడైతే మళ్లీ వేరే కట్టాలి. ఒకే గీతకు రెండుసార్లు డబ్బు.

లా_పాయింట్:
మాస్టారు చెప్పింది న్యాయమే. అదనపు డిపాజిట్ కూడా అన్నిచోట్లా కుదరదు, మొత్తం డిపాజిట్‌కు పరిమితి ఉన్న చట్టాలున్నాయి. ఇంగ్లండ్‌లో మామూలుగా ఐదు వారాల అద్దె, ఇండియాలో 2021 నాటి నమూనా అద్దె చట్టంలో రెండు నెలల అద్దె. ఆ నమూనాను మీ రాష్ట్రం తీసుకుందో లేదో చూసుకోవాలి.

డిపాజిట్ తగాదాల్లో నేను ఎక్కువగా చూసేది ఏమిటంటే, మామూలు అరుగుదలనూ నష్టాన్నీ కలిపేయడం. నడిచే దారిలో ఫ్లోర్ మెరుపు తగ్గడం, గోడ రంగు వెలవడం అరుగుదల. కుక్క కొరికిన తలుపు చట్రం నష్టం. నష్టమైనా సరే, పాతబడిన కార్పెట్ స్థానంలో కొత్తది వేయించి మొత్తం బిల్లు అద్దెదారు మీద వేయడం సరికాదు. దాని ఆయుష్షు ఎంత మిగిలిందో అంతే అడగాలి. దిగిన రోజు తీసిన ఫోటోలు లేకపోతే ఇదంతా వట్టి వాదన. తలుపు కింది అంచు, బాల్కనీ జాలీ, గది మూలలు. ఎవరూ తీయని ఫోటోలు అవే, తగాదా వచ్చేదీ వాటి గురించే. ఇప్పుడైనా తీయండి.

షార్ట్‌కట్:
కుక్క కోసం ఇంత కాగితాలా. మనుషులకే ఇంత లేదు.

పంజరం_లేని_చిలక:
మనుషులు తలుపులు కొరకరు కదా బ్రో. ఎక్కువమంది.

కిటికీ_సీటు:
ఆదివారం ఓనర్ గారితో, ఆయన భార్యతో కలిసి మాట్లాడాం. ఆయనకు చిన్నప్పుడు కుక్క కరిచిందట, ఆవిడ చెప్పారు. ఆయన చెప్పలేదు. గడువు ముగిసేదాకా ఉంచుకోమన్నారు, కాగితం రాసుకున్నాం. ఆ తర్వాత పొడిగిస్తానని మాట ఇవ్వలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు. కుక్క ఉన్నా ఇచ్చే ఇళ్లు ఇప్పటినుంచే చూసుకుంటున్నాం. మా ఆయన "నేను మొదటే చెప్పాను" అంటున్నారు, అది వేరే త్రెడ్ 🙂

లా_పాయింట్:
కాగితం మీద ఇద్దరి సంతకాలూ, తేదీ ఉన్నాయా?

కిటికీ_సీటు:
ఉన్నాయి. మా దగ్గరా ఆయన దగ్గరా చెరో కాపీ ఉంచమని ఓనర్ గారి భార్యే అన్నారు.

రహస్య_పిల్లి:
అద్దె_బోర్డు గారు అన్న ఆ అగ్నిమాపక మాట బుర్రలోంచి పోవట్లేదు. తలుపు లోపలివైపు "లోపల పిల్లి ఉంది" అని స్టిక్కర్ అంటించాను.

మ్యావ్_మాస్టారు:
లోపలివైపు అంటిస్తే ఎవరికి కనిపిస్తుంది?

రహస్య_పిల్లి:
ఓనర్‌కు ఇంకా చెప్పలేదు కదా మాస్టారూ. వచ్చేవారం చెప్తాను. చెప్పాక బయటికి మారుస్తా.

నీటి_ఉడుత:
త్రెడ్ పూర్తిగా చదివాను. చిన్న సందేహం. చేపలకు కూడా అడగాలా? 300 లీటర్ల ట్యాంక్ పెడదామనుకుంటున్నాను, పై అంతస్తు. చేపలు అరవవు, గీకవు కదా అని.

అద్దె_బోర్డు:
చేపలతో నాకే గొడవా లేదు. 300 లీటర్లంటే నీళ్లే 300 కిలోలు. అద్దం, రాళ్లు, ఇసుక, స్టాండ్ అదనం. అదంతా ఒక బీరువా పట్టేంత చోట నిలబడుతుంది. పగిలితే కింది ఇంటి సీలింగ్ సంగతి చెప్పక్కర్లేదు. ఏ గోడ పక్కన పెడుతున్నారో ఫోటో తీసి మీ ఓనర్‌కు పంపండి. బిల్డింగ్ కట్టిన ఇంజనీర్‌ను ఆయన అడిగి చెప్పేదాకా ట్యాంక్ కొనకండి.